సదరు జాడీ

పెళ్ళయిన నలభై ఒకటో రోజున మంజీరకు తన ఇంట్లో ఉన్నది ఉట్టి వంటగది కాదనీ, ‘గృహస్థాయి ఆపత్కాల నిల్వల కేంద్రం’ అనీ తెలిసింది. గది అదే. గ్యాస్‌పొయ్యి అదే. కిటికీలో కొత్తిమీర కుండీ కూడా అదే. హోదా మాత్రం పెరిగింది.

“మంచిదేగా!” అంది మంజీర.

ఆ రోజుల్లో ఆమెకు మంచిది కానిదంటూ లేదు. పోపులపెట్టె మూత టక్కుమని పడితే మురిసిపోయేది. పాలు పొంగబోతుంటే సరిగ్గా అంచు దగ్గర అందుకుని, ఎవరైనా చూశారా అని చుట్టూ చూసేది. మొగుడు ఫణీంద్ర ఆఫీసునుంచి వచ్చి చెప్పులు విప్పకముందే “మంజూ!” అని పిలిస్తే, ఆ పిలుపు రెండోసారి వినడానికి మొదటిసారి పలికేది కాదు.

ఫణీంద్ర జొన్నలవీడు పురపాలక సంఘంలో జూనియర్ అసిస్టెంటు. ప్రొబేషన్ ఇంకా ఆరు నెలలుంది. అంచేత కమిషనర్‌గారు తుమ్మితే ‘చిరంజీవ’ అనడానికి కూడా ముందు పై అధికారి ముఖం చూసేవాడు.

సంగతేమిటంటే, కమిషనర్‌గారు చల్లని కొండమీద రెండు రోజుల శిక్షణకు వెళ్ళొచ్చారు. లోకంలో కొరత రాబోతోందని అక్కడ తెరమీద బొమ్మలు వేసి చూపించారు. ఏ వస్తువుకి కొరత, ఎందుకు, ఎప్పుడు అన్నది చెప్పలేదట. వస్తుందని మాత్రం చాలా గట్టిగా చెప్పారట. ఆయన ఒక ధ్రువపత్రం, ఒక గుడ్డసంచీ, బోలెడంత దూరదృష్టి వెంటబెట్టుకుని దిగొచ్చారు. దిగిన వారానికి పద్నాలుగు పేజీల ‘ముందుజాగ్రత్త నిల్వల నిబంధనావళి’ వెలువడింది. టైపు చేసింది ఫణీంద్రే.

ప్రతి ఇంట్లో ఇరవై రెండు రకాల వస్తువులు తొంభై రోజులకు సరిపడా ఉండాలి. వాటికి పురపాలక సంఘం ఎర్రదారం కట్టి లక్కతో సీలు వేస్తుంది. కొరత అధికారికంగా ప్రకటించేదాకా తెరవకూడదు. సీలు తెంచినవాళ్ళ కుళాయి కనెక్షను తెంచబడును.

మంజీరకు పండగొచ్చినట్టయింది. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివిన పిల్ల. సీసాలంటే ప్రాణం. బజారంతా గాలించి ఒకే రకం గాజు సీసాలు తెచ్చి, కడిగి, ఎండబెట్టి, గుండ్రటి అక్షరాలతో చీటీలు అంటించింది. కందిపప్పు, పెసరపప్పు, చింతపండు, ఎండుమిరపకాయలు, వాటి వెనక అగ్గిపెట్టెలు, కొవ్వొత్తులు. ఉప్పు సీసామీద మాత్రం సరదాకి ‘సోడియం క్లోరైడు’ అని రాసింది. దాంతో తనిఖీ అధికారి దక్షిణామూర్తిగారు అరగంట ఆగిపోయారు.

“ఈ వస్తువు జాబితాలో లేదు. ఉప్పెక్కడమ్మా?”

“అదే ఉప్పండీ.”

“ఉప్పయితే ఉప్పని రాయాలి. రేపు ప్రజలు కొరతలో ఉన్నప్పుడు ఇలాంటి అయోమయం పనికిరాదు.”

చీటీ మార్చాక సీళ్ళు పడ్డాయి. ఉద్యోగి ఇల్లు కనక గేటుకి ‘ఆదర్శ గృహం’ అని రేకు కూడా బిగించారు. ఆ సాయంత్రం మొగుడూ పెళ్ళాం కుర్చీలు వేసుకుని అలమర ముందు కూర్చున్నారు. ఎర్రదారాలు కట్టుకున్న సీసాలు గృహప్రవేశానికొచ్చిన పేరంటాళ్ళలా వరసగా ఉన్నాయి. మంజీరకు కళ్ళు తిప్పుకోబుద్ధి కాలేదు.

పది రోజుల తర్వాత కూడా వాళ్ళు అలాగే చూస్తూ కూర్చున్నారు. ఈసారి ఆకలేసి.

ఎందుకంటే నిబంధనావళిలో ఆరోది ఇలా ఉంది: ‘మూడు కిలోలకు మించి ఒకే పాత్రలోగాని, సంచిలోగాని ఉన్న ఏ ఆహారపదార్థమైనను ఆపత్కాల నిల్వగా భావింపబడును.’ మొదటి వారం ఇళ్ళకు సీళ్ళు వేసి, రెండో వారం దక్షిణామూర్తిగారు బదరీనారాయణ శెట్టిగారి కిరాణాకొట్టుకి వెళ్ళారు. అక్కడ బస్తాలున్నాయి. బస్తాలో మూడు కిలోలకు మించే ఉన్నాయి. సాయంత్రానికల్లా బస్తాలన్నిటికీ ఎర్రదారాలు పడ్డాయి.

“నేనమ్మేదెట్లా?” అన్నాడు శెట్టిగారు.

“మూడు కిలోల లోపు పొట్లాలు కట్టి నిరభ్యంతరంగా అమ్ముకోవచ్చు.”

“పొట్లం కట్టాలంటే బస్తా విప్పొద్దా?”

“విప్పితే కుళాయి పోతుంది,” అన్నారు దక్షిణామూర్తిగారు, చాలా మర్యాదగా.

మర్నాడు టిఫిన్ హోటలువాళ్ళ పిండి గంగాళానికి సీలు పడింది. దోసె ఊళ్ళోంచి వెళ్ళిపోయింది. ఊరి హద్దు రైల్వే గేటు. గేటు అవతల ఎవరో ఇడ్లీ బండి పెట్టారు. అక్కడికి నిబంధనలు రావు. పొద్దున్నే జొన్నలవీడంతా గేటు దాటి వరసలో నిలబడేది. పురపాలక ఉద్యోగులు కూడా నిలబడేవాళ్ళు, ఒకరినొకరు ఎరగనట్టు చెరో దిక్కు చూస్తూ.

“మా కందిపప్పు నా కళ్ళెదుటే ఉందమ్మాయ్,” అంది పై వాటాలో ఉండే ఇంటావిడ కాశీరత్నం పిన్నిగారు. “రెండు పూటలా దీపం పెట్టి దణ్ణం పెట్టుకుంటున్నాను. ఇంకెందుకూ పనికిరావడం లేదు.”

“కొరత వచ్చిందని చెప్పేయొచ్చుగదండీ?” అని అడిగింది మంజీర మొగుణ్ణి.

ఫణీంద్ర గొంతు సవరించుకున్నాడు. ఆఫీసు భాష రాబోతోందని ఆమెకు ఆ సవరింపుతోనే తెలుస్తుంది. “నిబంధన రెండు ప్రకారం, పట్టణంలో ఏదేని ఒక ఇంట, ఏదేని ఒక నిల్వ శూన్యమని అధికారికంగా నమోదైనప్పుడు మాత్రమే కొరత ప్రకటించవలెను. ఇప్పుడు ప్రతి ఇంట్లో అన్నీ నిండుగా ఉన్నాయి. జిల్లాలో మనదే అత్యంత సమృద్ధమైన ఊరని నిన్న లెటరు కూడా వచ్చింది.”

“మరి మనం ఏం తినాలి?”

ఫణీంద్ర గొంతు సవరించుకోకుండానే చెప్పాడు. “అరటిపళ్ళు తెచ్చాను.”

అరటిపండు తింటూ కూడా మంజీర దిగులుపడలేదు. ఆమె దృష్టంతా గురువారం మీద ఉంది. గురువారం ఆవకాయ పెట్టాలి.

అత్తగారు వర్ధనమ్మగారు తునినుంచి ఫోన్ చేశారు. “ముప్ఫై రెండేళ్ళుగా ఈ చేత్తోనే పెడుతున్నానమ్మాయ్. ఈ ఏడు భుజం లేవడంలేదు. మీ ఇంటి ఆవకాయ నువ్వే పెట్టు. కాయలూ, కారం, ఆవపిండి, నూనె అన్నీ బస్సుకి వేశాను. మూడోనాడు శనివారం తిరగ కలుపు, ఆదివారం పొద్దున నేనొచ్చి రుచి చూస్తాను. అసలు మూడోనాడు కలపడంలోనే ఉంది అంతా. అడుగున ఉప్పు అడుగునే ఉండి, పైన ముక్క ఎండిపోయిందా, వారంలో బూజు పడుతుంది. కాలేజీ చదువులన్నీ చదివావు, ఇదొక్కటి నాకు చూపించు.”

ఆ చివరిమాట మంజీర మనసులో బంగారపు కాసులా పడింది. ఎమ్మెస్సీ ప్రాక్టికల్స్‌కి కూడా ఆమె ఇంత సిద్ధపడలేదు. గురువారం ఫణీంద్ర సగంపూట సెలవు పెట్టాడు. పెద్ద కత్తిపీట తెప్పించి పాతిక కాయలు టెంకతోసహా కొట్టించారు. ముక్క ముక్కనీ పొడిబట్టతో తుడిచింది. ఆవఘాటుకి ఫణీంద్ర వరసగా పదకొండు తుమ్ములు తుమ్మాడు. ఆమె లెక్కపెట్టింది. కారం ఎరుపు, నూనె మెరుపు, ముక్కల అంచున పచ్చదనం! కలుపుతుంటే మోచేతిదాకా మంట. ఆ మంట కూడా ఆమెకు ముచ్చటగానే ఉంది. అంతా జాడీకెత్తి, పైన తెల్లటి పాతగుడ్డ వాసెన కట్టి, నాలుగడుగులు వెనక్కి వేసి చూసుకుంది.

“ఏమండీ, నేనే పెట్టానంటారా?”

“నువ్వే పెట్టావు. నేను తుమ్మాను,” అన్నాడు ఫణీంద్ర.

సరిగ్గా అప్పుడే గేటు చప్పుడైంది. దక్షిణామూర్తిగారు లక్క, కొవ్వొత్తి, త్రాసు పట్టుకుని లోపలికొచ్చారు.

“ఆదర్శ గృహంలో పునఃతనిఖీ. ఇదేమిటమ్మా, ఈ జాడీ?”

“ఆవకాయండీ. ఇప్పుడే పెట్టాను!” మంజీర గొంతులో గర్వం దాగలేదు.

ఆయన జాడీని త్రాసుకెక్కించారు. ముల్లు గిర్రున తిరిగింది. “తొమ్మిది కిలోల నాలుగు వందలు. నిబంధన ఆరు.”

“అయ్యో, ఇది నిల్వ కాదండీ. ఊరగాయ.”

“ఏడాదిపాటు ఉంటుందా, ఉండదా?”

“ఉంటుందండీ.”

“ఏడాదిపాటు ఉండేదాన్ని నిల్వ అనకపోతే మరేమంటామమ్మా?” అంటూనే ఆయన వాసెన చుట్టూ ఎర్రదారం తిప్పి లక్క కరిగించారు. ఎర్రటి బొట్టు వాసెనమీద పడి, ముద్ర పడి, గట్టిపడింది. “రిజిస్టరులో ‘ఆవకాయ జాడీ ఒకటి’ అని నమోదు చేస్తున్నాను. ఇకమీదట ఇది సదరు జాడీ.”

“కానీ ఎల్లుండి కలపాలండీ! కలపకపోతే పాడైపోతుంది.”

“కొరత రాగానే హాయిగా కలుపుకోండి.”

ఆయన వెళ్ళాక మంజీర మొగుడివైపు తిరిగింది. ఫణీంద్ర గోడమీది క్యాలెండరు మొదటిసారి చూస్తున్నట్టు చూస్తున్నాడు.

“ఏమండీ, మూడు కిలోలని ఎవరు పెట్టారండీ ఆ నిబంధనలో? అందరిళ్ళలోనూ మూడు కిలోలకు మించే ఉంటాయిగా!”

“చిత్తుప్రతిలో మూడు వందలని ఉంది, మంజూ. గోదాములకోసం పెట్టింది. సున్నాలు ఎక్కువైనట్టు నాకే అనిపించి… రెండు తీసేశాను.”

“రెండు సున్నాలు!”

“సంతకం అయిపోయింది.”

మంజీరకు నవ్వొచ్చింది. తర్వాత జాడీమీద లక్కబొట్టు కనిపించి నవ్వు ఆగిపోయింది. పెళ్ళయిన తర్వాత ఆమెకు నవ్వు మధ్యలో ఆగిపోవడం అదే మొదలు.

శుక్రవారం పొద్దున్నే పురపాలక సంఘానికి వెళ్ళింది. దరఖాస్తు మూడు ప్రతులు తీసుకెళ్ళింది. విషయం: ఆవకాయ తిరగ కలుపుటకు అనుమతి కోరుట గురించి.

కమిషనర్‌గారు దాన్ని రెండుసార్లు చదివారు. మనిషి మంచివాడే. కళ్ళకింద నీడలున్నాయి. తొమ్మిది రోజులుగా ఆయన కూడా రైల్వే గేటు దాటుతున్నారు. ఇడ్లీ బండి దగ్గర ‘సార్’ అని పిలిస్తే ఆయనకు నచ్చదని బండివాడికి కూడా తెలుసు.

“కలుపుట,” అన్నారాయన, ఆ మాటని నాలుకమీద తిప్పి చూస్తూ. “దక్షిణామూర్తిగారూ, కలుపుట అను చర్య నిల్వ యొక్క కదలిక అవుతుందా, వాడకం అవుతుందా?”

“గరిటె లోపలికి పోతుంది సార్. గరిటెకు అంటుకున్నది తిరిగి రాదు. ఆ మేరకు వాడకమే.”

“సీలు తీయకుండా కలిపే మార్గం లేదామ్మా? జాడీని తలకిందులు చేస్తే?”

“నూనె కారిపోతుందండీ.”

“కారిన నూనెను తరుగుగా చూపాలి. తరుగుకి ప్రత్యేక పత్రం ఉంది. ఆ పత్రం ఇంకా అచ్చవలేదు,” అని ఆయన విచారించారు.

ఫణీంద్ర ఒక మూల ఫైలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. పెళ్ళాం ముఖం చూశాడు. గొంతు సవరించుకున్నాడు. “సార్, ఒక్క మనవి. ఆ నిబంధన ఆరులో మూడు వందలకు బదులు మూడు అని… నా పొరపాటు సార్.”

 కమిషనర్‌గారు అతనివైపు జాలిగా చూశారు.

“నువ్వు చిన్నవాడివోయ్. సంతకం కాకముందు పొరపాటు ఉంటుంది. సంతకం అయ్యాక విధానం ఉంటుంది. విధానం మార్చాలంటే కమిటీ వేయాలి, ఆర్నెల్లు. నీ ప్రొబేషన్ కూడా అప్పటికే కదూ అయ్యేది?”

ఫణీంద్ర ఫైలు ఛాతీకి అదుముకున్నాడు.

మంజీర బయట బల్లమీద కూర్చుంది. పొద్దున తిన్న అరటిపండు ఎప్పుడో అయిపోయింది. రేపటికి మూడోనాడు. అడుగున ఉప్పు అడుగునే ఉండి, పైన ముక్క ఎండుతూ ఉంటుంది. అత్తగారొచ్చి వాసెన విప్పితే లోపల తెల్లటి బూజు. ‘ఇదొక్కటి నాకు చూపించు’ అని నోరారా అడిగిన మనిషి! మంజీరకు ఏడుపు రాబోయింది. ఏడవడానికి బదులు నిబంధనావళి తీసి మొదటినుంచి చదవడం మొదలెట్టింది. కాలేజీలో ఆమెకు అదే అలవాటు. దిగులొస్తే పుస్తకం వెనకపేజీల్లో చిన్న అక్షరాలు చదివేది.

పద్నాలుగో పేజీలో, చివరి నిబంధనకు ముందు, ఒకటి కనిపించింది. ఆమె లేచి మళ్ళీ గదిలోకి వెళ్ళింది.

“సార్, నిబంధన పదకొండు. ‘నిల్వల నాణ్యతను కమిషనర్ తగిన సిబ్బందితో స్వయముగా పరీక్షింపవచ్చును. అందు నిమిత్తము సీలు తీయవచ్చును.’ మా జాడీని పరీక్షించండి సార్.”

కమిషనర్‌గారు చదివారు. చదువుతుండగానే ఆయన ముఖంలో అధికారం పల్చబడి, దాని కిందనుంచి ఇంకేదో బయటపడింది.

“ఆవకాయన్నారు కదూ? కొత్తదేనా?”

“నిన్ననే పెట్టానండీ.”

“వెల్లుల్లి వేశారా?”

“వేశానండీ.”

ఆయన దక్షిణామూర్తిగారి వైపు చూశారు. దక్షిణామూర్తిగారు గుటకేశారు.

“రేపు పదకొండు గంటలకు సదరు జాడీ నాణ్యతా పరీక్ష,” అన్నారు కమిషనర్‌గారు. “తగిన సిబ్బందితో.”

శనివారం తగిన సిబ్బంది ముప్ఫై ఏడుగురు వచ్చారు. జనన మరణాల విభాగంనుంచి కూడా వచ్చారు. వాటి మధ్యలో జరిగేది తిండేనని వాళ్ళ వాదన. మంజీర గుండెలో రాయి పడినా, ముందు పని ముందు చూసుకుంది. సీలు తెంచగానే చెయ్యెత్తింది.

“సార్, ప్రయోగశాలలో ఒక పద్ధతుందండీ. నమూనా తీసేముందు మొత్తం సరుకు అడుగునుంచి పైకి సమంగా కలపాలి. లేకపోతే ఫలితం చెల్లదు.”

“శాస్త్రీయంగా చెప్పారు,” అన్నారు కమిషనర్‌గారు. “సమంగా కలుపుటకు ఇందుమూలముగా అనుమతించడమైనది.”

మంజీర జాడీలోకి చెక్కగరిటె దింపింది. అడుగున చేరిన ఉప్పూ పిండీ కదిలి పైకొచ్చాయి. ఊట ఊరింది. ముక్కలు ఒకదానిమీద ఒకటి దొర్లాయి. కాచి చల్లార్చిన నూనె మిగిలింది పోసి మళ్ళీ కలిపింది. గదంతా ఘాటు. ముప్ఫై ఏడు ముక్కులు ఒక్కసారి గాలి పీల్చాయి. కలిపేశాను అత్తయ్యా, అనుకుంది. ఆ క్షణాన కమిషనర్‌గారు ఆమెకు దేవుడిలా కనిపించారు.

ఆ దేవుడు నోరు తెరిచాడు. “ఊరగాయను విడిగా రుచిచూస్తే నాలుక మండి పరీక్ష దెబ్బతింటుంది. ఏదైనా వాహకం ఉండాలి.”

“వేడన్నం సార్,” అన్నారు దక్షిణామూర్తిగారు.

“అన్నం కావాలంటే బియ్యం బస్తా నాణ్యత కూడా ఇప్పుడే పరీక్షించడం సబబు.”

బియ్యం సీలు తెగింది. మంట తగ్గించే కారకంగా కందిపప్పు సీలు తెగింది. దానికి సహకారిగా నెయ్యి సీసా. కాశీరత్నం పిన్నిగారు పైనుంచి పెద్ద గిన్నె పట్టుకుని పరుగున వచ్చింది. “పరీక్షకు నేనూ సాయం చేస్తానమ్మాయ్. రెండు వారాలైంది ఎసరు పొంగడం చూసి!”

పెరట్లో వరసలుగా కూర్చున్నారు. విభాగాలవారీగా పరీక్ష మొదలైంది. ఇంజనీరింగువాళ్ళు ముక్క గట్టిదనం పరీక్షించారు. ఆరోగ్య విభాగం కళ్ళు తుడుచుకుంటూ, ముక్కు ఎగబీలుస్తూ కారం తీవ్రత నమోదు చేసింది. పట్టణ ప్రణాళికా విభాగం ఏమీ నమోదు చేయలేదు, తల ఎత్తలేదు.

మంజీర వడ్డిస్తూనే జాడీలోకి చూస్తోంది. మెడదాకా ఉన్నది భుజాల్లోకి దిగింది. భుజాలనుంచి నడుముకి దిగింది.

“సార్, బాగుందని తెలిసిపోయింది కదండీ. ఇక చాలునేమో…”

“ఒక్క పరీక్షతో తేల్చేయడం అశాస్త్రీయమమ్మా,” అన్నారు కమిషనర్‌గారు, మూడో వాయి కలుపుకుంటూ. “మీకు తెలియందేముంది?”

చెయ్యి కడుక్కున్నాక ఇంకో సమస్య వచ్చింది. రేపు ఎవరైనా ఫలితాన్ని ప్రశ్నిస్తే? ప్రతి విభాగమూ ఒక ఆధార నమూనా దగ్గరుంచుకోవాలని తీర్మానమైంది. నమూనాలకు పాత్రలు కావాలి. అదేం విచిత్రమో, ముప్ఫై ఏడుగురి సంచుల్లోనూ ఖాళీ టిఫిను డబ్బాలున్నాయి.

రెండు గంటలకు జాడీలో గరిటె గీరిన చప్పుడైంది. ఆ చప్పుడు మంజీర పళ్ళకు తగిలింది.

ఫణీంద్ర అరుగుమీద కూర్చుని నివేదిక రాస్తున్నాడు. కమిషనర్‌గారు తేన్చి చెబుతున్నారు. “నాణ్యత: అత్యుత్తమం. రంగు: ఉత్తేజకరం. మిగులు…” అక్కడ ఆగి జాడీవైపు చూసి, వెంటనే చూపు తిప్పేసుకున్నారు. “మిగులు: పరీక్షలో ఉన్నది, అని రాయి.”

ఫణీంద్ర కలం ఆగింది. గుమ్మంలో మంజీర నిలబడి ఉంది. ఆమె చేతులు మోచేతులదాకా ఎర్రగా ఉన్నాయి. నవ్వడంలేదు. పెళ్ళయిన ఇన్నాళ్ళలో ఆ ముఖంమీద నవ్వులేకుండా అతను ఎన్నడూ చూడలేదు.

“సార్,” అన్నాడు. ఈసారి గొంతు సవరించుకోలేదు. “కడుపులో ఉన్నదాన్ని నిల్వ అని రాయలేనండీ. మిగులు శూన్యం. శూన్యమనే రాస్తున్నాను. నా ప్రొబేషన్ సంగతి మీ ఇష్టం.” రాసి, సంతకం పెట్టి, తేదీ వేశాడు.

దక్షిణామూర్తిగారు ఒక్కడుగు వెనక్కి వేశారు. “సార్! నిబంధన రెండు! ఏదేని ఒక ఇంట, ఏదేని ఒక నిల్వ శూన్యమని నమోదైతే…”

కమిషనర్‌గారి ముఖం ముందు పాలిపోయింది. తర్వాత నెమ్మదిగా, తెల్లవారినట్టు, వెలిగింది.

“కొరత,” అన్నారు. “వచ్చేసింది! వస్తుందని నేను చెప్పలేదూ? ఒక్కడైనా నమ్మాడా?” ఆయన కళ్ళు చెమర్చాయి. అందులో కారం పాలెంతో చెప్పలేం. “దూరదృష్టి అంటే ఇది. ఓయ్ ఫణీంద్రా, ప్రకటన టైపు చెయ్యి. సున్నాల జోలికి పోకు.”

నాలుగు గంటలకు మైకు బండి తిరిగింది. కొరత వచ్చినందున ప్రజలు నిర్భయంగా తమ నిల్వలు వాడుకోవచ్చునని చాటింది. అయిదింటికి జొన్నలవీడులో ప్రతి ఇంట్లోనూ పోపు చిటపటలాడింది. రెండు వారాల తర్వాత ఊరంతా ఒక్కసారి ఇంగువ వాసన వేసింది. శెట్టిగారు బస్తాలు విప్పి, ఒక్కో బస్తాకీ దణ్ణం పెట్టాడు. కొరత చల్లగా ఉండాలని జనం దీవించారు.

మంజీర ఖాళీ జాడీ పక్కన కూర్చుంది. అత్తగారికి ఫోన్ చేద్దామని మూడుసార్లు తీసి, మూడుసార్లు పెట్టేసింది. ఫణీంద్ర వచ్చి పక్కన కూర్చున్నాడు. 

“మీరు శూన్యం అని రాశారు చూడండి,” అంది మంజీర. “నాకు మీరు తాళి కట్టినప్పటికంటే బాగున్నారు.”

ఆదివారం పొద్దున వర్ధనమ్మగారు ఆటో దిగేసరికి గేటు ముందు జనం. ‘తొలి కొరత బాధితురాలికి తక్షణ సహాయం’ అని గుడ్డమీద రాసి కట్టారు. కమిషనర్‌గారు ఇస్త్రీ చొక్కాలో ఉన్నారు. మంజీర చేత ఖాళీ జాడీ పట్టించి ఫోటోగ్రాఫరు బతిమాలుతున్నాడు. “ఇంకాస్త దిగులుగా, మేడమ్. కొరత కనబడాలి.”

దిగులుకి ఆమె ప్రత్యేకంగా కష్టపడక్కర్లేకపోయింది. అత్తగారు కనిపించారు.

కమిషనర్‌గారు సహాయపు సంచి అందించారు. అందులో ఒక కొవ్వొత్తి, ఒక అగ్గిపెట్టె, ఎక్కడో ఫ్యాక్టరీలో చేసిన యాభై గ్రాముల ఆవకాయ ప్యాకెట్టు ఉన్నాయి. అందరూ చప్పట్లు కొట్టారు.

వర్ధనమ్మగారు కొడుకుని పక్కకు పిలిచి విషయమంతా విన్నారు.  వచ్చి కోడలి చేతిలోంచి జాడీ అందుకుని లోపలికి చూశారు. అడుగున ఎర్రటి నూనె పల్చగా మెరుస్తోంది. గోడలకు పిండి అంటుకుని ఉంది.

“అత్తయ్యా, నేను కలిపానండీ, నిన్న సమంగా కలిపాను, కానీ…” 

“పొయ్యిమీద అన్నముందా?”

“ఉందండీ. ఇప్పుడే దించాను.”

“పట్రా.”

పొగలు కక్కే అన్నం జాడీలోకి వంపారు. కొంగు నడుముకి దోపి, లేవని భుజాన్నే లేపి, చెయ్యి జాడీలోకి పోనిచ్చి, గోడల చుట్టూ, అడుగు మూలల్లో, అన్నంతో తుడిచి తుడిచి కలిపారు. తెల్లన్నం ఎర్రబడింది. ఘాటు గేటుదాకా వెళ్ళింది. చప్పట్లు ఆగిపోయాయి. ఫోటోగ్రాఫరు కెమెరా దించాడు.

మొదటి ముద్ద కోడలి చేతిలో పెట్టారు. రెండోది కొడుక్కి. మూడో ముద్ద చేస్తుంటే కమిషనర్‌గారు తనకు తెలియకుండానే రెండడుగులు ముందుకొచ్చి చెయ్యి చాపారు.

“తమరు నిన్ననే పరీక్షించారట కదా బాబూ,” అన్నారు వర్ధనమ్మగారు. “ఫలితం కూడా రాసుకున్నారట. మళ్ళీ ఎందుకు శ్రమ?”

ఆ ముద్ద తన నోట్లో పెట్టుకున్నారు.

నమిలారు. కళ్ళు మూసుకున్నారు.  మంజీర చేతిలో ముద్ద వేడికి చురుక్కుమంటున్నా కదపలేదు. జీవితంలో రాసిన పరీక్షలన్నీ ఒకెత్తు, ఆ దవడల కదలిక ఒకెత్తు.

“ఉప్పు ఒక్క పిసరు ఎక్కువ,” అన్నారు వర్ధనమ్మగారు కళ్ళు తెరవకుండానే. “నా మొదటి ఆవకాయకి ఇంతకంటే ఎక్కువే పడింది. మా అత్తగారు మూడు రోజులు మాట్లాడలేదు.”

కళ్ళు తెరిచారు. జాడీ వంచి మళ్ళీ లోపలికి చూశారు.

“ఇదుగో, ఈ వారన ఇంకా ఉందే అమ్మాయ్. ఇంకో రెండు గరిటెల అన్నం పట్రా. త్వరగా!”

మంజీర ముద్ద నోట్లో కుక్కుకుని, కన్నీళ్ళు కారంవల్లో దేనివల్లో చూసుకోకుండా, వంటింట్లోకి పరుగెత్తింది.